నైట్రోజన్ గది బయట ఫార్మలిన్ వాసన

దయ్యాలు లేవని పగలంతా వాదించి, రాత్రి కరెంటు పోతే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకునే మనుషులను చాలామందిని చూశాను. నేను ఆ రకం కాదు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా డిపార్ట్‌మెంట్ మ్యూజియంలో గాజు సీసాల మధ్య ఒక్కదాన్నే కూర్చుని రికార్డు బొమ్మలు వేసుకున్నాను. ఆ సీసాల్లో పాములు, తేళ్ళు, రెండు తలలతో పుట్టిన మేకపిల్ల. చచ్చినవాటికి భయపడే స్వభావమైతే జువాలజీ మొదట్లోనే మానేసి ఉండేదాన్ని.

కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది చదివి మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. ఇంకొకరు చెబితే నేనూ నమ్మను.

మాది నగరి. నాయనకు ఇంటి ముందు గదిలోనే పవర్‌లూమ్ మగ్గాలు. తిరుపతి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ సీటు వచ్చిందని చెప్పిన రోజు ఆయన మగ్గం ఆపి, చెవిలో దూది తీసి, మళ్ళీ చెప్పించుకున్నాడు.

“ఇది చదివితే ఏం పని ఇస్తారు మ్మా? జూపార్కులో పులికి కూడేసేదా?”

ఎగతాళికి అన్నది కాదు. నిజంగా తెలియక అడిగాడు. నాకూ తెలియదు కాబట్టి నవ్వేసి ఊరుకున్నాను.

ఇప్పుడైతే జవాబు చెప్పగలను. మా క్లాసులో వాళ్ళు తలా ఒక దారి పట్టారు. ఒకతను సూళ్లూరుపేట అవతల రొయ్యపిల్లల హేచరీలో ఉన్నాడు. ఒకమ్మాయి పలమనేరు దగ్గర పట్టుపురుగుల శాఖలో చేరింది. ఇద్దరు ముగ్గురు చెన్నైలో మెడికల్ కోడింగ్ చేస్తున్నారు. ఒకతను నీట్ కోచింగ్‌లో పాఠాలు చెప్పి మా అందరికంటే ముందు ఇల్లు కట్టుకున్నాడు. నేను పిండాల పని పట్టుకున్నాను. ఎంబ్రియాలజిస్టు అంటారు. పిల్లలు లేని దంపతులకు గాజు పళ్ళెంలో పిండాన్ని తయారుచేసి, కొన్ని రోజులు పెంచి, డాక్టరు చేతికి అందించే ఉద్యోగం.

ఈ దారి చూపించింది గ్రేస్ మేడం. చిత్తూరు ఆవిడ, మాకు పిండోత్పత్తి శాస్త్రం చెప్పేది. ఒకరోజు పొదిగిన కోడిగుడ్డు పెంకుకు చిన్న కిటికీలాగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎర్రటి చుక్క ఒకటి కొట్టుకుంటూ కనిపించింది. ఇంకా కోడి ఆకారం లేదు, కన్ను లేదు, రెక్క లేదు. గుండె మాత్రం ఉంది. నేను ఎంతసేపటికీ కన్ను తియ్యకపోతే, వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

“మనిషిదీ మొదట్లో ఇంతేనమ్మా,” అంది మేడం. “దాన్ని చూసుకునే ఉద్యోగాలు ఉండాయి. నీ మాదిరి కదలకుండా కూర్చునేవాళ్ళే కావాలంట వాళ్ళకు.”

అలా చెన్నైలో శిక్షణ తీసుకుని, కొన్నేళ్ళకు తిరుపతికే తిరిగి వచ్చి ఒక ఫెర్టిలిటీ సెంటర్‌లో చేరాను. దాని పేరు ఇక్కడ అనవసరం. కొండమీదికి పోయి గుండు చేయించుకుని, అట్నుంచి అటే మా దగ్గరికి వచ్చే జంటలు ఎక్కువ. చందనం పూసిన గుండ్లతో వరసగా కూర్చుని ఉంటారు. వాళ్ళ ముఖాలు చూస్తే చేతులు ఇంకొంచెం జాగ్రత్తగా పనిచేస్తాయి.

మా ల్యాబులో అన్నిటికంటే పెద్ద కట్టుబాటు వాసన. సెంటు పూసుకోకూడదు. తలలో మల్లెపూలు ఉంటే బయటే తీసి పెట్టాలి. ఫినాయిల్‌తో తుడవకూడదు. పిండానికి గాలిలో ఉండే చిన్న ఘాటు కూడా పడదు. అందులో అన్నిటికంటే చెడ్డది ఫార్మలిన్. మ్యూజియం సీసాల్లో చచ్చినవాటిని కుళ్ళకుండా కాపాడే మందు అదే. బతికి ఉన్నవాటికి మాత్రం విషం. అందుకే మా అంతస్తుకు దాని చుక్క కూడా రానివ్వం.

వరండా చివర ఒక చిన్న గది ఉంది. మిగిలిన పిండాలను గడ్డకట్టించి దాచే గది. పెద్ద పెద్ద క్యాన్లలో ద్రవ నైట్రోజన్ ఉంటుంది, పిండాలు అందులో ఉంటాయి. ఆ ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరవుతూ ఉంటుంది కాబట్టి, మట్టం తగ్గకుండా పక్కనున్న పెద్ద ట్యాంకు నుంచి పోస్తూ ఉండాలి.

నైట్రోజన్ గురించి ఒక మాట చెప్పాలి. అది విషం కాదు. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. రంగు లేదు, వాసన లేదు. కానీ మూసిన గదిలో అది నిండిపోతే ఆక్సిజన్‌కు చోటుండదు. ఊపిరాడనట్టు అనిపించదు, దగ్గు రాదు, గొంతు పట్టదు. మామూలుగా నాలుగడుగులు వేసిన మనిషి అలాగే కూలిపోతాడు. వాడిని లేపబోయి లోపలికి పరిగెత్తిన రెండో మనిషి కూడా వాడి పక్కనే పడిపోతాడు. మాకు శిక్షణలో మొదట చెప్పేది ఇదే. అందుకని ఆ గదిలో ఎగ్జాస్టు ఫ్యాను, ఆక్సిజన్ తగ్గితే మోగే అలారం పెడతారు. మాకూ పెట్టారు. ఆ వారం అలారం సెన్సారు పాడై మార్చడానికి పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉందని అందరం అనుకున్నాం.

అది మధ్యాహ్నం. ఓపీ కింది అంతస్తులో నడుస్తోంది, డాక్టరుగారు అక్కడే ఉన్నారు. పైన మేము ముగ్గురమే. వరండా మొదట్లో రిసెప్షన్ బల్ల దగ్గర భారతి. కాణిపాకం పక్క పల్లె అమ్మాయి, బీకాం చదివింది, చేరి ఎన్నో రోజులు కాలేదు. నా గది దాని పక్కనే. మూడో మనిషి ప్రసాద్, నా జూనియర్. మా డిపార్ట్‌మెంట్‌లోనే నా తర్వాత చదివాడు, రేణిగుంటలో ఉంటాడు. అప్పటికి వాళ్ళ పాప ఇంకా పాకడం కూడా మొదలుపెట్టలేదు. “క్యాన్లలో లెవెల్ చూసొస్తానక్కా,” అని చెప్పి వెళ్ళాడు. నేను తల ఎత్తకుండానే సరే అన్నాను.

కాసేపటికి ఫార్మలిన్ వాసన వచ్చింది.

ఆ వాసన ఒకసారి తెలిసినవాళ్ళు మరచిపోరు. ముక్కు లోపల సూదితో గీసినట్టు ఉంటుంది. ముందు ముక్కు, తర్వాత గొంతు, ఆ వెంటనే కళ్ళు. నేను కూర్చున్న కుర్చీ వెనక్కి తోసి లేచాను. నాకు కలిగింది భయం కాదు, కోపం. ఇంక్యుబేటర్లలో ఆ రోజు నలుగురు దంపతుల పిండాలు ఉన్నాయి. ఏ తెలివితక్కువ మనిషి సీసా పైకి తెచ్చాడా అనుకుంటూ బయటికి వచ్చాను.

భారతి అప్పటికే కళ్ళు నులుముకుంటోంది.

“ఏందక్కా ఇది, కండ్లు మండతా ఉండాయి. యాడన్నా ఏమన్నా కాలతాందా?”

“కిటికీలు తెరువు. మెట్ల తలుపు కూడా తెరిచేయ్,” అన్నాను.

ఫార్మలిన్ సీసా పగిలితే మొదట చేయాల్సిన పని అదే. గ్రేస్ మేడం ల్యాబులో మాకు చేతులకు పట్టిన అలవాటు. ఎవరు పగలగొట్టారని అడగడం కూడా తర్వాతే.

నేను వరండా రెండో వైపు కిటికీలు తెరుచుకుంటూ పోయాను. పోయేకొద్దీ ఘాటు పెరిగింది. మొదటి కిటికీ దగ్గర కంటే చివరి కిటికీ దగ్గర ఎక్కువ. నైట్రోజన్ గది తలుపు ముందుకు వచ్చేసరికి, మ్యూజియంలో పెద్ద సీసా మూత తీసి ముఖం లోపల పెట్టినట్టు ఉంది. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఎదురుగా ఉన్న తలుపు మసకగా కనిపించింది.

ప్రసాద్ లోపల ఏదో పగలగొట్టాడు అనుకున్నాను. ఆ గదిలో పగలడానికి ఫార్మలిన్ ఎందుకుంటుందన్న ఆలోచన రాలేదు. వెనక్కి వచ్చి చివరి కిటికీలో తలపెట్టి నిండా గాలి పీల్చుకున్నాను. చున్నీ మడిచి ముక్కు, నోరు మూసుకున్నాను. ఊపిరి బిగబట్టి తలుపు లాగాను.

ప్రసాద్ నేలమీద పక్కకు తిరిగి పడి ఉన్నాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. చేతిలో మట్టం చూసే కర్ర ఉంది, వేళ్ళు దాన్ని వదల్లేదు.

నేను ఊపిరి పీల్చలేదు. ధైర్యం వల్ల కాదు, ప్రమాదం అర్థమై కూడా కాదు. ఆ ఘాటుకు పీల్చలేకపోయాను, అంతే. రెండు చేతులూ పట్టుకుని ఈడ్చాను. మనిషి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. గడప దగ్గర కాలు తట్టుకుంది. భారతి పరిగెత్తుకుంటూ వస్తుంటే చెయ్యి ఊపి ఆగమన్నాను. గొంతులో గాలి అయిపోయి చెవుల్లో డప్పు మోగుతున్నట్టు ఉంది. కిటికీ కిందికి ఎలా చేర్చానో సరిగా గుర్తులేదు. అక్కడ చున్నీ తీసి పీల్చాను.

ఏ వాసనా లేదు.

తగ్గడం కాదు, అసలు లేదు. ఎండకు కాగిన రోడ్డు వాసన, కింది హోటల్ నుంచి సాంబారు వాసన వచ్చాయి. వరండా అంతా అప్పుడే కడిగిన గిన్నెలా ఉంది. ఆ నిశ్శబ్దంలో, తెరిచి ఉన్న తలుపు లోపలి నుంచి సన్నగా బుస్సుమని ఆగకుండా వస్తున్న చప్పుడు వినిపించింది. పెద్ద ట్యాంకు వాల్వు.

అప్పుడు అర్థమైంది ఆ గదిలో ఉన్నది ఏమిటో. ప్రసాద్ పక్కనే నేలమీద కూర్చుండిపోయాను.

భారతి అప్పటికే కిందికి పరుగెత్తింది. డాక్టరుగారు, వెనకే మత్తు డాక్టరు ఆక్సిజన్ సిలిండరుతో వచ్చారు. ప్రసాద్ పెదాలు నీలంగా ఉన్నాయి. ముఖానికి మాస్కు పెట్టి గాలి సంచి నొక్కుతూ ఉంటే నేను అతని చొక్కా గుండీనే చూస్తూ ఉన్నాను. అది కదిలితే చాలు అనుకున్నాను. కదిలింది. పెద్దగా ఒక శ్వాస, ఇంకొకటి, తర్వాత దగ్గు. కళ్ళు తెరిచి పైకప్పు చూశాడు, నన్ను చూశాడు.

“లెవెల్ చూడలేదక్కా,” అన్నాడు.

డాక్టరుగారు నవ్వారు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది.

ముందుజాగ్రత్తగా పెద్దాసుపత్రికి పంపారు. సాయంత్రానికి లేచి కూర్చుని, భార్య తెచ్చిన పెరుగన్నం డబ్బా మొత్తం ఖాళీ చేశాడు. పాప అతని వేలికి తగిలించిన క్లిప్పు లాగేస్తుంటే మిషన్ కూతలు పెడుతోంది, నర్సు విసుక్కుంటోంది. నా జీవితంలో అంత మంచి చప్పుడు వినలేదు. పిండాలకు కూడా ఏమీ కాలేదు. ఇంక్యుబేటర్లు మూసిన గదిలో ఉన్నాయి, క్యాన్లలో మట్టం తగ్గలేదు.

ప్రసాద్‌ను అడిగాను, లోపలికి పోయినప్పుడు ఏ వాసనా తగల్లేదా అని.

“ఏం వాసనక్కా? మామూలుగా పోయినాను. కర్ర పెట్టబోయినాను. కండ్లు తెరిస్తే నువ్వుండావు. నడుమ ఏమీ లేదు.”

మర్నాడు వెతకడం మొదలుపెట్టాం. వాల్వు సరిగా మూసుకోలేదని, ఫ్యాను తిరుగుతున్న చప్పుడు బయటికి వినిపిస్తున్నా, గాలిని బయటికి పంపే గొట్టం లోపల ఊడి ఉందని తేలింది. ప్రమాదానికి కారణం దొరికింది. వాసనకు దొరకలేదు.

భవనం మొత్తం గాలించాం. ఫార్మలిన్ ఉన్నది ఒకే చోట, కింది ఆపరేషన్ గది బీరువాలో. కోసి తీసిన ముక్కలను పరీక్షకు పంపే చిన్న సీసాలు, కంపెనీ సీలు కూడా తీయనివి. కొత్త ప్లైవుడ్ నుంచి అలాంటి ఘాటు వస్తుందని నాకు తెలుసు. కానీ మా అంతస్తులో వడ్రంగి పని జరిగి ఏళ్ళయింది. పక్క భవనం బట్టల షాపు. మెట్లెక్కి వచ్చిన డాక్టర్లకు గానీ, వాళ్ళ వెంట వచ్చిన నర్సులకు గానీ ఏ వాసనా తగల్లేదు.

నా బుర్రలో పుట్టిందేమో అనుకున్నాను. ఆక్సిజన్ తగ్గితే లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. కానీ వాసన నాకు మొదట తగిలింది వరండా అవతలి కొసలో, నా బల్ల దగ్గర. అక్కడ గాలికి ఏ లోటూ లేదు. అదీ కాక భారతి ఉంది. ఆ అమ్మాయికి ఫార్మలిన్ అంటే ఏమిటో తెలియదు. తర్వాత కింది బీరువాలోని సీసా ఒకటి తీయించి, మూత కొంచెం వదులు చేసి, దూరం నుంచి వాసన చూపించాను.

“ఇదే అక్కా. ఇదేనంటే ఇదే,” అని ముఖం తిప్పేసుకుంది.

ఆ సాయంత్రం మా ఇద్దరి కళ్ళూ ఎర్రగా వాచి ఉంటే డాక్టరుగారు చుక్కల మందు వేసుకోమన్నారు. మనసులో పుట్టిన వాసనకు నా కళ్ళు ఎర్రబడ్డాయంటే సర్దుకుంటాను. భారతి కళ్ళెందుకు ఎర్రబడ్డాయి?

సంగతి తెలిసి నాయన నగరి నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. రిసెప్షన్‌లో కూర్చుని నన్ను పైనుంచి కిందిదాకా చూసుకున్నాడు.

“కంటికి కనపడని గాలితో నీకేం పని మ్మా. ఇంటికి పోదాం పా,” అన్నాడు.

పక్కన గుండుతో ఉన్న ఒక పెద్దాయన, నా పేరు అడిగి తెలుసుకుని, తన కోడలికి కవలలని, నేనే చూసుకున్నానని నాయనకు చెప్పాడు. నాయన ఆయన ఫోన్లో పిల్లల ఫోటోలు ఒకటికి రెండుసార్లు చూశాడు. ఇంటికి పోదామని మళ్ళీ అనలేదు. అలారం వచ్చిందా లేదా అని మాత్రం రోజూ ఫోన్ చేసి, అది గోడకు బిగించేదాకా వదల్లేదు.

ప్రసాద్ తిరిగి డ్యూటీలో చేరాక ఒక ఆదివారం ఇద్దరం రైలెక్కి పాకాల పోయాం. గ్రేస్ మేడం రిటైరై అక్కడే ఉంటోంది. మాకు చెప్పుకోవడానికి ఇంకెవరూ తోచలేదు. ఇంటి వెనక జామచెట్టు కింద కుర్చీలు వేసింది. నేను చెప్తున్నంతసేపూ, పరీక్షలో వైవా అడిగేటప్పుడు చూసినట్టే కళ్ళద్దాల మీదుగా చూసింది. నడుమ రెండు మూడు ప్రశ్నలు వేసింది. గాలి ఏ వైపు వీస్తాంది, ఏసీ తిరుగుతాందా, ముందు వాసన చెప్పింది నువ్వా ఆ పిల్లా అని.

“నా ల్యాబు గుర్తొచ్చింది మేడం నాకు,” అన్నాను. “మీరే వచ్చి హెచ్చరించినట్టు అనిపించింది.”

“నేనింకా బతికే ఉండాను కదమ్మా,” అంది మేడం. “ఆ పూట ఈడ కూర్చోని చింతపండు గింజలు తీస్తా ఉన్నా.”

ప్రసాద్ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. అది జరిగిన నాటి నుంచి మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే అనుకుంటాను.

తర్వాత ఆవిడ నిదానంగా ఆలోచించి చెప్పింది. వాల్వు చప్పుడు నా చెవికి తెలియకుండానే పడి ఉండొచ్చునట. ప్రమాదమని మెదడు పట్టుకుని, ఊపిరి బిగబట్టించడానికి తనకు తెలిసిన వాసనను తెచ్చి పెట్టి ఉండొచ్చునట. “మెదడు చేస్తాది అట్లాంటివి. నీ వరకు నాకు అంత వింతగా లేదు,” అంది.

“మరి భారతి?” అన్నాను.

మేడం గిన్నెలోంచి జామకాయ తీసి ప్రసాద్ చేతికి ఇచ్చింది.

“అది నాకు తెలీదు,” అంది. “ఇంతకాలం పాఠం చెప్పినాను, ఇట్లాంటిది వినలేదు. వీడు తిరిగొచ్చినాడు, జామకాయ తింటా ఉండాడు. నాకైతే అది చాలు.”

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ప్రసాద్ నిద్రపోయాడు. నేను మాత్రం స్టేషను స్టేషనుకూ అతని ఛాతీ కదులుతోందా లేదా అని చూసుకుంటూ వచ్చాను. కదులుతూనే ఉంది. గురక కూడా పెట్టాడు.

ఇది జరిగాక మా డిపార్ట్‌మెంట్ పిల్లలు అప్పుడప్పుడూ ల్యాబు చూడడానికి వస్తున్నారు. జువాలజీ చదివి ఏం చేయొచ్చని అడుగుతారు. హేచరీలు, పట్టు శాఖ, కోచింగు, మా పని, అన్నీ చెబుతాను. నైట్రోజన్ గది ముందు ఆపి, అలారం చూపించి, ఒంటరిగా లోపలికి పోకూడదని ఒకటికి పదిసార్లు చెబుతాను. వాసన సంగతి చెప్పను. చెబితే వాళ్ళు వాసన కోసం ఎదురుచూస్తారని భయం. వాసన వస్తుందని నేను ఎవరికీ హామీ ఇవ్వలేను.

పాప మొదటి పుట్టినరోజుకు రేణిగుంటలో ప్రసాద్ ఇంటికి పోయాను. పాప ఒక్కొక్క అడుగూ వేస్తూ, పడుతూ, ఇల్లంతా తిరుగుతోంది. ప్రసాద్ దాని వెనకే చేతులు చాపుకుని తిరుగుతున్నాడు. ప్రసాద్ వాళ్ళమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. పల్లెటూరి మనిషి, ఎక్కువ మాట్లాడదు. నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అడిగింది.

“ఆ పొద్దు నా బిడ్డ కాడికి నిన్ను పిల్చుకోని పోయింది ఎవురు తల్లీ? ఏ దేవుడో, ఏ తల్లో చెప్పు. పోయి మొక్కు తీర్చుకోనొస్తాను. ఎవురికి తీర్చాల్నో తెలీక యాడికీ పోలేదు.”

ఏదో ఒక గుడి పేరు చెబితే ఆమె తృప్తిగా పోయి వచ్చేదే. నోరు తెరిచాను గానీ అబద్ధం రాలేదు.

“నాకూ తెలీదమ్మా,” అన్నాను.

ఆమె పొయ్యి మీద నుంచి పాయసం గిన్నె దించి, ఇంట్లో అందరికంటే ముందు నాకు పోసింది.